పానీ ఖలాస్

"నా ముఖం మీదే అబద్ధం చెప్పాడు సార్," అంది కెప్టెన్ అయేషా.

బుధవారం ఉదయం పదీ ఇరవై. ఆసుపత్రి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఎడమ భుజం ఎముక విరిగింది, పెదవి మీద రెండు కుట్లు. గుంటూరు పిల్ల, ముప్పై ఒక్కేళ్ళు. నిన్న పొద్దున ఆమె నడుపుతున్న నాలుగు సీట్ల నీటి విమానం ఇంజను గాలిలో ఆగిపోయింది. సముద్రం మీద దించింది గానీ, అల తగిలి విమానం బోల్తా పడింది. ఈమె బయటికి ఈదుకొచ్చింది. పక్క సీట్లో ఉన్న శ్రీజ రాలేదు.

నా పేరు వీరరాఘవరావు. సొంతూరు బందరు. ఇరవై ఏళ్ళు ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ల కింద పడుకుని, ఆ తర్వాత పదిహేనేళ్ళుగా అబుదాబీలో ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున విమానాలు ఎందుకు పడ్డాయో వెతుకుతున్నాను. ఏడుస్తున్నవాళ్ళని ఓదార్చడం నాకు చేతకాదు. అందుకే గడియారం గురించే అడుగుతాను.

"మొదట్నుంచీ చెప్పమ్మా. టైములతో సహా."

"ఆరూ పదికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. తొమ్మిదింటి ప్రయాణం ఏడింటికి మార్చామన్నారు. ఆరూ యాభైకి జెట్టీకి వెళ్ళాను. శ్రీజ అప్పటికే వచ్చి ఉంది. ఏడూ పన్నెండుకి లేచాం. ఏడూ పద్నాలుక్కి ఎడమ టాంకుకి మారాను. ఏడూ పదహారుకి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మూడొందల అడుగుల ఎత్తులో ఉన్నాం. మళ్ళీ కుడి టాంకుకి మారే టైము కూడా లేదు."

"రోజూ అంతేనా? కుడి టాంకుతో లేచి, పైన ఎడమకి మారడం?"

"నా అలవాటు సార్. జెట్టీలో అందరికీ తెలుసు."

"పెట్రోల్లో నీళ్ళు చేరాయేమో చూడడం ఎవరి పని?"

ఆ పిల్ల కళ్ళు దించుకుంది. "మెకానిక్‌ది. అతన్ని గురువారం సెలవు మీద పంపేశారు. బదులు మనిషి ఎనిమిదింటికి గానీ రాడు. అప్పుడు నేను చూడాలి."

"చూశావా?"

"లేదు. ఆఫీసు నుంచి రెండోసారి ఫోను. ఇంకా బయల్దేరలేదా అని. హెల్పర్‌ని అడిగాను. అయిపోయిందన్నాడు. నమ్మాను. నేను వంగి చూసుంటే ఆ అమ్మాయి బతికుండేది సార్. అది నాకు తెలుసు. నా మీద ఏం రాసుకున్నా రాసుకోండి. కానీ వాడు అబద్ధం ఎందుకు చెప్పాలి?"

నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపాన్ని మింగాను.

"అతన్ని ఏమని అడిగావు? అచ్చంగా అవే మాటలు చెప్పు."

"'పానీ ఖలాస్?' అన్నాను. 'ఖలాస్ మేడం' అన్నాడు."

"హిందీలో ఎందుకు?"

"జెట్టీ మీద అందరం హిందీలోనే మాట్లాడుకుంటాం కదా."

"తెలుగులో అడగాల్సింది."

"అతనికి తెలుగెలా వస్తుంది సార్?"

"మీ హెల్పర్ రత్నాకర్‌ది జగిత్యాల దగ్గర రాయికల్ అమ్మా."

నాలుగు నెలలు రోజూ పక్కపక్కన నిలబడి, ఒకరికొకరు 'పద' అనడానికి 'యల్లా', 'అయిపోయింది' అనడానికి 'ఖలాస్' చెప్పుకుని బతికారు ఇద్దరూ. ఒక్క రోజైనా, ఒక్కరైనా నీది ఏ ఊరని అడిగితేగా.

బయటికొచ్చి కారెక్కేసరికి ఫోన్ మోగింది. విక్రమ్. విమానం యజమాని శశాంక్ పెట్టుకున్న పరిశోధకుడు. శశాంక్‌కి దీవుల మీద విల్లాలు కట్టే కంపెనీ ఉంది, విమానం కంపెనీదే, హెల్పర్ రత్నాకర్ వీసా కూడా ఆ కంపెనీదే.

"అంకుల్, ఫైల్ రెడీ," అన్నాడు విక్రమ్. నన్ను అంకుల్ అనొద్దని ఆరునెలల కిందటే చెప్పాను. అందుకే అంటాడు. "రెండింటికి హెల్పర్‌ని పోలీసులకి అప్పజెప్పేస్తున్నాం. మీకేమన్నా చూసుకోవాలంటే ఒకటింబావు లోపల చూసేసుకోండి."

"ప్రభుత్వ దర్యాప్తు నివేదిక రాకుండానే?"

"అది వచ్చేసరికి నెలలు పడుతుంది. నెగ్లిజెన్స్ క్లియర్‌గా ఉంది కదా."

నివేదికకి నెలలున్నాయి. రత్నాకర్‌కి మూడున్నర గంటలున్నాయి. ఒకసారి ఫైలు అటు చేరితే నోట్లో నాలుక లేని మనిషి ఏళ్ళకేళ్ళు లోపలే ఉండిపోతాడు. అసలేం జరిగిందని అడిగే నాథుడు ఉండడు.

పదకొండూ ఇరవై అయిదుకి ఐకాడ్ పారిశ్రామిక వాడలో కంపెనీ పనివాళ్ళుండే క్యాంపుకి చేరాను. నాలుగంతస్తుల భవనం. రత్నాకర్ మొదటి అంతస్తులో, ఆరు మంచాల గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళు పనికి పోయారు. గుమ్మంలో క్యాంప్ బాస్ నిలబడ్డాడు. పొమ్మంటే పోలేదు. తలుపు ముఖాన వేశాను.

రత్నాకర్‌కి ముప్పై ఆరేళ్ళుంటాయి. కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టు కట్టి ఉంది. ఎడమచేత్తో టీ కప్పు పట్టుకుంటే సగం లుంగీ మీద ఒలికింది.

"చేతికేమైంది?"

"అద్దం గోసుకున్నది సార్. విమానం బోర్ల వడ్డది జూసి చిన్న పడవ ఏసుకొని పోయిన. ఆ పిల్ల లోపటినే ఉన్నది. నీళ్ళ బరువుకు తలుపు వస్తలేదు. గుద్ది అద్దం వలగొట్టిన. గుంజి బయట ఏసేటాల్లకు... పదకొండు కుట్లు వడ్డయి. బొటనేలు నరం తెగిందట. లేస్తలేదు."

ఆ పిల్లని నీళ్ళలోంచి లాగింది ఇతనేనని విక్రమ్ నాకు చెప్పలేదు. ఒళ్ళు మండింది.

"మేడం 'పానీ ఖలాస్' అని అడిగితే ఏమన్నావు?"

"ఖలాస్ అన్న. అయిపోయింది గదా సార్."

"ఏ నీళ్ళు?"

నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఫ్లోట్లల్ల నీళ్ళు."

నీటి విమానానికి చక్రాలుండవు. కింద పడవల్లాంటి రెండు పొడవాటి ఫ్లోట్ల మీద తేలుతుంది. రాత్రంతా సముద్రంలో నిలబడితే వాటిలోకి కాసిన్ని నీళ్ళు ఊరతాయి. పొద్దున్నే చేతి పంపుతో తోడేయాలి. తోడకపోతే విమానం బరువెక్కి లేవదు.

"రోజూ గదే నా పని. ఫ్లోటు లోపటి ముందల గదికి ఇరువై సార్లు పంపు గొట్టాలె, ఎనుక గదికి పదిహేను. నిన్న ఆరున్నరకే ఒడగొట్టిన. మేడం అడిగింది, జెప్పిన."

"పెట్రోల్లో నీళ్ళు?"

"అది నా పని గాదు సార్. పెట్రోలు మూత ముట్టుకుంటె నౌకరి వోతదని గోడకు రాసి వెట్టిన్రు. నాలుగు నెల్లల్ల ఒక్కపారి గూడ ముట్టలె."

ఆమె అడిగింది పెట్రోల్లో నీళ్ళ గురించి. ఇతను చెప్పింది ఫ్లోట్లలో నీళ్ళ గురించి. ఇద్దరూ నిజమే మాట్లాడారు. ఆ రెండు మాటల మధ్య ఒక మనిషి చచ్చిపోయింది.

"సోమవారం సాయంత్రం విమానాన్ని మంచినీళ్ళతో కడిగింది నువ్వేనా?"

"రోజూ నేనే కడుగుత, ఉప్పు పోవాలె గదా. సోమారం మాత్రం కడగలె. ఐదింటికే బస్సెక్కించిన్రు. కడుగుడు మేం జూసుకుంటం, నువ్వు పో అన్నరు."

"ఎవరు?"

"ఆఫీసోళ్ళు. ముదీర్, గదే మేనేజర్ మనుషులు. పేర్లు నాకు ఎర్కలేదు."

లేచాను. రత్నాకర్ కూడా లేచి నిలబడ్డాడు.

"రెండింటికి ఠాణకు తీస్కపోతరంట సార్. ఇంటికాడ నా పెండ్లాం కల్పనకు ఇంకా చెప్పలె. ఫోన్ జేస్తె ఏడుస్తది. నన్ను జైల్ల ఏస్తరా?"

"నేనుండగా వెయ్యరు," అన్నాను. అనకూడని మాట. అలాంటి హామీలిచ్చే అధికారం నాకు లేదు. నా నంబరు అతని ఫోన్లో ఎక్కించి, "ఎవరడిగినా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు," అన్నాను.

"చెయ్యే లెవ్వది సార్, ఎట్ల వెడ్త?" అన్నాడు.

కిందికొచ్చి గేటు దగ్గర పుస్తకం అడిగాను. కాపలావాడు ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే పోలీసులే వచ్చి అడుగుతారన్నాను. సోమవారం పేజీలో రత్నాకర్ పేరు ఎదురుగా లోపలికి వచ్చిన టైము ఐదూ ముప్పై అయిదు. మళ్ళీ బయటికి వెళ్ళింది మంగళవారం ఉదయం ఐదూ నలభైకే. ఫోటో తీసుకున్నాను.

ముసఫ్ఫాలో ఒక షెడ్డులో విమానాన్ని పెట్టారు. దర్యాప్తు అధికారులు తమకి కావలసిన నమూనాలు తీసుకుని, నాకూ విక్రమ్‌కీ ఒక గంట అనుమతిచ్చారు. గార్డు తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పన్నెండూ నలభై.

విక్రమ్ ముందే వచ్చాడు. ముప్పై రెండేళ్ళు, ఇస్త్రీ నలగని చొక్కా. పుట్టింది హైదరాబాదులో, మూడో ఏటి నుంచీ పెరిగింది దుబాయ్‌లో.

"చూడ్డానికి ఏముంది అంకుల్? కడిగాడు, మూత సరిగా పెట్టలేదు, నీళ్ళు దిగాయి. పొద్దున తీయలేదు. తీశానని అబద్ధం చెప్పాడు. ఖలాస్."

"ఆ మాట ఇవాళ నా దగ్గర వాడకు," అన్నాను.

ఎడమ రెక్క కిందకి దూరాను. మోకాళ్ళు పట్టేశాయి. టాంకుకీ ఇంజనుకీ మధ్య చిన్న ఫిల్టరు గిన్నె ఉంటుంది. దాని అడుగున మర తిప్పి, వచ్చినదంతా గాజు సీసాలోకి పట్టాను. వెలుతురులోకి పట్టుకుని చూస్తే, నీలంగా ఉండే పెట్రోలు పైన వేలెడు కూడా లేదు. కిందంతా రంగులేని నీళ్ళు.

"సముద్రంలో మునిగిన విమానం అంకుల్. నీళ్ళు రాక ఏమొస్తాయి?"

సీసా అడుగు దాకా పుల్ల ముంచి నాలికకి రాసుకున్నాను. పెట్రోలు ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మేసి మళ్ళీ రాసుకున్నాను. మా ఆవిడ సీతాదేవి చూసుంటే ఇల్లు పీకి పందిరేసేది. బందరులో పుట్టినవాణ్ణి, ఉప్పునీళ్ళ రుచి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

"చప్పగా ఉన్నాయి. ఉప్పు చుక్క లేదు. సముద్రానివి కావు. విమానం మునగకముందే ఇందులో ఉన్నాయి."

"నేనూ అదే చెప్తున్నా కదా. కడిగిన నీళ్ళు. మూతలోంచి దిగాయి."

"ఆ మూతే చూద్దాం."

ఎడమ రెక్క పైభాగం చెక్కుచెదరలేదు. మూత గట్టిగా బిగించే ఉంది. దాని మీద నిన్న అధికారులు వేసిన సీలు గార్డు ఎదురుగానే విప్పించి, మూత తీశాను. లోపల రబ్బరు వలయం కొత్తగా, మెత్తగా ఉంది. టాంకు నోట్లో పొడి గుడ్డ పెట్టి మళ్ళీ మూత బిగించాను. షెడ్డులో ఉన్న గొట్టం పట్టుకుని రెండు నిమిషాల పాటు నీళ్ళు వదిలాను. మూత మీద, చుట్టూ, అన్ని వైపుల నుంచీ. తర్వాత పైనంతా తుడిచి మూత తీసి, గుడ్డ విక్రమ్ చేతిలో పెట్టాను.

"పిండు."

పిండాడు. చుక్క రాలేదు.

"మూతలోంచి దిగలేదు బాబూ. మూత తీసి, కావాలని పోసి, మళ్ళీ జాగ్రత్తగా బిగించారు. రెండు లీటర్లకి తక్కువ కాదు. పైకి లేచాక కెప్టెన్ ఎడమ టాంకుకి మారుతుందని తెలిసిన వాళ్ళు పోశారు. సోమవారం సాయంత్రం ఐదింటి తర్వాత."

"అయితే పోసింది కూడా వాడే."

ఫోన్ తీసి గేటు పుస్తకం ఫోటో చూపించాను. "ఐదూ ముప్పై అయిదుకి క్యాంపులో ఉన్నాడు. కడిగింది అతను కాదు. మెకానిక్‌ని గురువారమే పంపించేశారు. తొమ్మిదింటి విమానాన్ని, బదులు మెకానిక్ రాకముందే ఏడింటికి లేపారు. రెండుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టారు. ఇవన్నీ చేసింది మీ ఆఫీసు. ఆ అమ్మాయి శ్రీజ ఎందుకు వెళ్తోందో నీకు తెలుసా?"

"సేఫ్టీ ఇంజనీర్. సైట్ విజిట్."

"మీ శశాంక్ దీవి మీద గోడ కూలి ఇద్దరు పనివాళ్ళు చచ్చిపోయారు. నిన్న అక్కడ ఫోటోలు తీసి, ఇవాళ పొద్దున మునిసిపాలిటీకి నివేదిక ఇవ్వాలని బయల్దేరింది. ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చే మనిషి లేదు."

విక్రమ్ మొహం మాడింది. కానీ వదిలే రకం కాదు. సంచీలోంచి కవరు తీసి ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"మీ థియరీలు బాగున్నాయి. కానీ వాడే ఒప్పుకున్నాడు అంకుల్. నిన్న సాయంత్రం. సైన్‌తో సహా."

తెలుగులో టైపు చేసిన కాగితం. మంగళవారం తేదీ. 'సోమవారం సాయంత్రం ఆరు గంటలకు విమానమును కడిగితిని. మూత సరిగా బిగించలేదు. ఇంధనములోని నీటిని తీయకుండానే తీసితినని చెప్పితిని.' కింద 'రత్నాకర్' అని సంతకం. గుండ్రంగా, తీరుబడిగా, చివర్లో కింద ఒక గీత కూడా గీసి ఉంది.

పొద్దున్నుంచీ మింగుకున్న కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది.

"నిన్న సాయంత్రం నువ్వు దగ్గరుండి పెట్టించావా ఈ సంతకం?"

"లేదు. కంపెనీ వాళ్ళు పంపారు."

"అతని కుడిచేతి బొటనవేలు నరం నిన్న పొద్దున్నే తెగింది. టీ కప్పు పట్టుకోలేకపోతున్నాడు. ఈ సంతకం నిన్నటిది కాదు."

విక్రమ్ ఏదో అనబోయాడు. నేను అప్పటికే రత్నాకర్‌కి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాను. నాలుగో రింగుకి ఎత్తాడు. అవతల గాలి హోరుమంటోంది.

"రత్నాకర్, నేను రాఘవరావుని. ఈ మధ్య కంపెనీ వాళ్ళకి ఏమైనా సంతకాలు పెట్టావా?"

"నిన్న ఏం వెట్టలె సార్."

"నిన్న కాదు. అంతకుముందు."

"పోయిన బేస్తారం వెట్టిన. వీసా రెన్యువల్‌కని ఆఫీసుకు పిలిచి తెల్ల కాగితాల మీద వెట్టించుకున్నరు. అందర్తోని వెట్టించుకుంటరు సార్, ఎప్పుడు ఉండేదే గది."

గురువారం. మెకానిక్‌ని సెలవు మీద పంపిన రోజే. విమానం పడడానికి ఐదు రోజుల ముందే నేరస్థుడి సంతకం సిద్ధం చేసి పెట్టుకున్నారు. విక్రమ్ కేసి చూశాను. మొహంలో రంగు లేదు.

"ఎన్ని కాగితాలు?"

"మూడు."

"విక్రమ్, మిగతా రెండు ఎక్కడ?"

"కాపీలు అంకుల్. మూడు కాపీలు అనే ఇచ్చారు. ఆఫీసులో కేరళ క్లర్క్ కవర్‌లో పెట్టి ఇచ్చాడు." కవరు నా చేతికిచ్చాడు. "చదవలేదు. నాకు తెలుగు చదవడం రాదు."

క్లర్కుకీ రాదు. అతనికి మూడూ ఒకేలా కనబడ్డాయి, నకళ్ళనుకుని మూడూ ఒకే కవర్లో పెట్టేశాడు. మూడింటి కిందా అదే సంతకం.

రెండో కాగితం ఒప్పుకోలు నకలే. మూడోది తీశాను. ఇవాళ్టి తేదీ.

'ప్రియమైన కల్పనకు' అని మొదలైంది. రాయికల్లో ఏ మొగుడూ పెళ్ళానికి అలా రాయడు. 'నా పొరపాటు వలన ఒక నిండు ప్రాణము పోయినది. ఆ భారమును నేను భరించలేకున్నాను. నా మరణమునకు ఎవరును కారణము కారు. పిల్లలను బాగుగా చూసుకొనుము.'

"ఏముంది అంకుల్?" అన్నాడు విక్రమ్.

చదివి వినిపించాను. రెండో వాక్యానికే అతను జేబులోంచి ఫోన్ తీసి పోలీసు నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ నొక్కాడు. టైము ఒకటీ ఇరవై. ఇక్కణ్ణుంచి ఐకాడ్ క్యాంపుకి ఎంత తొక్కినా ఇరవై నిమిషాలు.

"రత్నాకర్," అన్నాను. "నువ్విప్పుడు ఎక్కడున్నావు? ఆ గాలేంటి?"

"బిల్డింగ్ మీద ఉన్న సార్. ఠాణకు పోయేముందు ఇంటికి ఫోన్ జేసుకో, సిగ్నల్ ఈడైతె మంచిగ వస్తదని క్యాంప్ బాసే తోలిచ్చిండు. కల్పనతోని ఇప్పుడే మాట్లాడిన. నేనుండగా వెయ్యరని సార్ అన్నడు, భయపడకని చెప్పిన."

"ఒక్కడివేనా?"

"ఒక్కన్నే ఉండె సార్. ఇప్పుడే ఇంకో ఇద్దరొచ్చిన్రు. మన క్యాంపోళ్ళు గాదు, ఎన్నడు జూడలె."

"రత్నాకర్, విను. పిట్టగోడ దగ్గర్నుంచి ఇవతలికి రా. మెట్ల వైపు నడువు. ఇప్పుడే. వాళ్ళతో మాట్లాడకు."

గాలి హోరులో అతని చెప్పుల చప్పుడు నాలుగడుగులు వినబడి ఆగింది. తర్వాత అతను మెల్లిగా, పక్కవాళ్ళకి వినబడకూడదన్నట్టు అన్నాడు.

"మెట్ల కాడ ఒకాయన నిలవడ్డడు సార్. తలుపుకు గొళ్ళెం వెడ్తుండు."